పంచాయతీ ఎన్నికల్లో మీ ఓటు మీ వార్డులోనే ఉండాలంటే ఏం చేయాలి

2019 జనవరిలో పంచాయతీ ఎన్నికల రోజు మా అమ్మ శాలువా కప్పుకుని పొద్దున్నే ఏడింటికల్లా లైన్లో నిలబడింది. చేతిలో ఓటరు కార్డు ఉంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అదే ఇల్లు, అదే వీధి. తీరా లోపలికి వెళ్లాక అక్కడి మేడమ్ జాబితా రెండుసార్లు తిరగేసి, "అమ్మా, ఈ వార్డులో మీ పేరు లేదు" అంది. నాన్న పేరు ఉంది, నా పేరు ఉంది, అమ్మది మాత్రం లేదు. గంటన్నర వెతికితే ఊరి అవతలి పక్క వార్డు జాబితాలో దొరికింది. ఇంటి నంబరు 4-27 ఉండాల్సిన చోట 7-24 అని పడింది. సర్పంచ్ ఓటుకు ఇబ్బంది లేదు గానీ, వార్డు మెంబర్ ఓటు మాత్రం తన వీధికి సంబంధం లేని అభ్యర్థికి వేసి వచ్చింది. ఆ ఏడాది మా వార్డులో మెంబర్ గెలిచింది మూడు ఓట్ల తేడాతో.

ఆ తప్పు పోలింగ్ రోజు పుట్టింది కాదు. అంతకు చాలా ముందే పంచాయతీ ఆఫీసు గోడకు జాబితా అంటించారు. మా ఇంట్లో ఒక్కరం కూడా వెళ్లి చూడలేదు. అప్పటి నుంచి మా వీధిలో ఎవరు అడిగినా, అడగకపోయినా ఈ పని నేనే దగ్గరుండి చేయిస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ పల్లెల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా దారి చాలావరకు ఇదే.

జాబితాలు రెండు, ఆఫీసులు రెండు

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలు జరిపేది కేంద్ర ఎన్నికల సంఘం. సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండూ వేర్వేరు సంస్థలు. అయితే పంచాయతీ కోసం మీరు ప్రత్యేకంగా ఓటు నమోదు చేయించుకోవాల్సిన పని లేదు. అసెంబ్లీ ఓటర్ల జాబితానే తీసుకుని, అందులో మీ ఊరికి చెందిన పేర్లను వార్డుల వారీగా విడగొట్టి పంచాయతీ జాబితా తయారు చేస్తారు.

దీంట్లోంచి రెండు పనులు తేలతాయి. ఒకటి, అసెంబ్లీ జాబితాలో మీ పేరు ఉండాలి. అక్కడ లేకపోతే పంచాయతీ జాబితాలోకి రాదు, సర్పంచ్ అభ్యర్థి వచ్చి ఎంత హామీ ఇచ్చినా రాదు. రెండు, విడగొట్టేటప్పుడు మీ పేరు సరైన వార్డులో పడిందో లేదో చూసుకోవాలి. మొదటి పని ఏడాది పొడవునా ఎప్పుడైనా చేసుకోవచ్చు. రెండోదానికి దొరికేది కొద్ది రోజులే.

ముందు అసెంబ్లీ జాబితాలో చూసుకోండి

ఫోన్లో కేంద్ర ఎన్నికల సంఘం యాప్ గానీ, ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్ గానీ తెరవండి. ఓటరు కార్డు మీద మూడు అక్షరాలు, ఏడు అంకెలతో ఒక నంబరు ఉంటుంది. అది కొడితే మీ వివరాలు వస్తాయి. ఇంటర్నెట్‌తో పని పడనివాళ్లు 1950కి ఫోన్ చేయొచ్చు. అదీ వద్దనుకుంటే మీ బూత్ లెవెల్ ఆఫీసర్‌ని, అంటే బీఎల్ఓని అడగండి. ఊళ్లలో చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరే బీఎల్ఓ. రోజూ కనిపించే మనిషే కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

కార్డు చేతిలో ఉంది కదా అని ఊరుకోవద్దు. కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు, జాబితాలో పేరుంటేనే ఓటు. ఉపాధి కోసం రెండు మూడేళ్లు హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉండి వచ్చినవాళ్ల పేర్లు కొన్నిసార్లు జాబితా నుంచి పోతుంటాయి. కార్డు మాత్రం బీరువాలో భద్రంగానే ఉంటుంది.

పేరు ఎక్కడా లేకపోతే ఫారం 6

18 ఏళ్లు నిండినవాళ్లు, ఇంతకుముందు దేశంలో ఎక్కడా ఓటరుగా నమోదు కానివాళ్లు నింపాల్సింది ఫారం 6. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండాలనే లెక్క ఒక్కటే ఉండేది. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు పెట్టారు. 17 దాటిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇచ్చి పెట్టుకోవచ్చు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తప్పకుండా చెప్పండి, చాలామందికి తెలియదు.

కావాల్సినవి: ఒక ఫొటో, వయసుకు ఒక రుజువు, అడ్రస్‌కు ఒక రుజువు. వయసుకు పదో తరగతి మెమో గానీ, పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ, ఆధార్ గానీ పనికొస్తుంది. అడ్రస్‌కు ఆధార్, కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ లాంటివి పెట్టొచ్చు. ఇంట్లో ఇప్పటికే ఓటున్న అమ్మదో నాన్నదో ఓటరు కార్డు నంబరు దగ్గర పెట్టుకోండి, ఫారంలో అడుగుతారు. దీనికి ఒక్క రూపాయి ఫీజు లేదు. నెట్ సెంటర్‌లో నింపిస్తే వాళ్ల కూలి వాళ్లకు ఇస్తారేమో గానీ, ప్రభుత్వానికి కట్టేదేమీ ఉండదు.

ఆన్‌లైన్‌లో నింపేవాళ్లు రెండు గళ్ల దగ్గర ఆగి చూడండి. మొదటిది పేరు. మీరు ఇంగ్లిష్‌లో టైపు చేస్తుంటే పక్కన తెలుగులో దానంతట అదే పడుతుంది. లత అని ఉండాల్సింది లతా అని, కొమురయ్య అని ఉండాల్సింది కోమురయ్య అని వస్తుంది. జాబితాలో అచ్చయ్యేది ఆ తెలుగే. దిద్దే వీలు ఉంటుంది, దిద్దండి. రెండోది ఇంటి నంబరు. మా అమ్మ విషయంలో జరిగింది ఇదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. వార్డులు విడగొట్టేటప్పుడు చూసేది ఇంటి నంబర్లనే. 2-45/1 అని ఉండే ఇల్లు 2-451 అని పడితే ఆ ఇల్లు ఊళ్లో ఉండదు, ఉన్నా మీది కాదు. తలుపు మీద రాసిన నంబరు మీద ఆధారపడకండి, రంగులేసినప్పుడు అది సగం చెరిగిపోయి ఉండొచ్చు. ఇంటి పన్ను రసీదు తీసి, దాని మీద ఉన్నది ఉన్నట్టు కొట్టండి.

ఫారం పంపగానే ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. దాన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత బీఎల్ఓ ఇంటికి వచ్చి చూసి వెళ్తారు. మీరు పొలంలోనో పనిలోనో ఉంటారనుకుంటే ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు ముందే చెప్పండి. "ఆ పేరుగల వాళ్లు ఇక్కడ ఉంటారా" అని బీఎల్ఓ అడిగినప్పుడు, అద్దెకున్నవాళ్ల గురించి ఇంటి ఓనరు "తెలీదు" అనేస్తే ఇబ్బందే. ఆ తర్వాత అభ్యంతరాలకు వారం రోజుల గడువు ఉంటుంది, అప్పుడు అధికారి నిర్ణయం తీసుకుంటారు. కార్డు పోస్టులో వస్తుంది. ఈలోగా డిజిటల్ కార్డు కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

పెళ్లయి వచ్చినవాళ్లు, ఊరు మారినవాళ్లు

పుట్టింట్లో ఓటు ఉన్న అమ్మాయి పెళ్లయి అత్తగారి ఊరికి వస్తుంది. ఇక్కడ ఓటు కావాలి. ఎవరో "ఫారం 6 పెట్టు" అంటారు, పెడుతుంది. ఇప్పుడు ఆమెకు రెండు చోట్ల ఓటు ఉన్నట్టు లెక్క. అది చట్టానికి విరుద్ధం. ఇంకెక్కడా ఓటు లేదని ఫారంలో సంతకం చేసి ఇస్తాం. అది అబద్ధమని తేలితే ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. తెలియక చేసేవాళ్లే ఎక్కువ, కానీ కాగితం మీద తప్పు తప్పే.

ఇలాంటప్పుడు పెట్టాల్సింది ఫారం 8. అడ్రస్ మార్పు, పేరులో వయసులో తప్పులు దిద్దుకోవడం, పోయిన కార్డుకు బదులు కొత్తది, దివ్యాంగులుగా నమోదు, ఈ నాలుగూ ఇప్పుడు ఆ ఒక్క ఫారంలోనే. అడ్రస్ మార్పుకు పెడితే పాత చోట పేరు తీసేసి కొత్త చోట కలుపుతారు. కార్డు నంబరు పాతదే ఉంటుంది.

ఇంకో పొరపాటు చెబుతాను. పక్క ఊరి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు "అదే నియోజకవర్గం కదా, మళ్లీ మార్చేదేముంది" అనుకుంటారు. ఎమ్మెల్యే ఓటుకు అది నడిచిపోతుంది. పంచాయతీకి నడవదు. మీ పేరు పాత ఊళ్లో ఉంటే మీ సర్పంచ్ ఓటు కూడా అక్కడే. ఇప్పుడు మీరు నీళ్లు పట్టుకునే నల్లా, మీ ఇంటి ముందు మోరీ, మీ వీధి లైటు ఈ ఊరి పంచాయతీవి. ఓటు మాత్రం అక్కడ.

పట్నంలో ఉంటూ ఊళ్లో ఓటు పెట్టుకున్నవాళ్లు కూడా ఒక్కసారి ఆలోచించండి. చట్టం చెప్పేది మామూలుగా నివాసం ఉండే చోటు అని. ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. అలాగని పనిమీద కొన్నాళ్లు ఊరు విడిచినంత మాత్రాన ఓటు పోదు. ఎక్కడ పెట్టుకోవాలో మీ బతుకు ఎక్కడ నడుస్తోందన్న దాని మీద ఉంటుంది. రెండు చోట్లా మాత్రం వద్దు.

ఇంట్లో ఎవరైనా చనిపోతే ఫారం 7 ఇచ్చి పేరు తీయించండి. బాధలో ఉన్న ఇంట్లో ఈ మాట ఎత్తడం కష్టమే. కానీ తాత పోయి నాలుగేళ్లయినా జాబితాలో ఆయన ఫొటో చూసి మా పక్కింటి పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పేరు మీద ఇంకెవరో ఓటు వేసే అవకాశం ఉండటం అంతకన్నా బాధ.

గోడ మీద జాబితా: అసలు పని ఇక్కడే

పంచాయతీ ఎన్నికలు దగ్గరపడేటప్పుడు రాష్ట్ర ఎన్నికల సంఘం ఒక షెడ్యూల్ ఇస్తుంది. దాని ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో వార్డుల వారీ ముసాయిదా జాబితా అంటిస్తారు. మండల పరిషత్ ఆఫీసులోనూ పెడతారు. అభ్యంతరాలకు గడువు ఎంత తక్కువో 2025లో చూశాం. తెలంగాణలో ఆగస్టు 28న ముసాయిదా వచ్చింది, ఆగస్టు 30 వరకే అభ్యంతరాలు తీసుకున్నారు, సెప్టెంబర్ 2న తుది జాబితా. ఎన్నికలేమో డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. డిసెంబర్‌లో ఊరంతా హడావిడిగా ఉంటుంది, మైకులు తిరుగుతాయి, ప్రతి ఇంటికీ మనుషులొస్తారు. ఆగస్టులో ఆ మూడు రోజులూ పంచాయతీ ఆఫీసు ముందు మేం నలుగురమే ఉన్నాం.

అందుకే పేపర్లో "పంచాయతీ ఓటర్ల జాబితా" అన్న వార్త కనిపించిన రోజే పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఇంట్లో అందరి ఓటరు కార్డులు, ఇంటి పన్ను రసీదు, ఒక పెన్ను, తెల్లకాగితాలు రెండు తీసుకెళ్లండి.

జాబితా ఇలా చదవండి. ముందు మీ వార్డు పేజీలు తీయండి. ఒక్కో పేరుకు ఒక గడి ఉంటుంది. అందులో ఓటరు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. అసెంబ్లీ జాబితాలో మీ నంబరు ఏదో కూడా అందులో ఉంటుంది. మీ ఒక్కరి పేరు చూసి వెనక్కి రాకండి. ఇంట్లో ఓటున్న ప్రతి ఒక్కరి గడి మీదా వేలు పెట్టి చూడండి. ఆ తర్వాత మీకు అటూ ఇటూ ఉన్న రెండిళ్లవాళ్లవి చూడండి. మీ వార్డులో ఎవరి పేరైనా దొరకకపోతే పక్క వార్డుల్లో వెతకండి. ఊరి హద్దులో ఉన్న ఇళ్లవాళ్లు, తండాలవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. 2018లో తెలంగాణలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు విడిగా పంచాయతీలయ్యాయి. ఒకే పోలింగ్ బూత్ జాబితాలోని పేర్లను రెండు పంచాయతీలకు పంచాల్సి వచ్చిన చోట కొన్ని పేర్లు అటువి ఇటు, ఇటువి అటు పడుతుంటాయి.

తప్పు కనిపిస్తే నోటితో చెప్పి రావద్దు. "చూస్తాంలే" అంటారు, అక్కడ వందమంది ఇంకో వంద చెబుతుంటారు. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: పేరు, ఓటరు కార్డు నంబరు, ఇప్పుడు ఏ వార్డులో ఏ వరుస నంబరు దగ్గర ఉంది, ఏ వార్డులో ఉండాలి, ఎందుకు. పన్ను రసీదు జిరాక్స్ జత చేయండి. దరఖాస్తు ఎవరికివ్వాలో నోటీసులోనే ఉంటుంది, మామూలుగా పంచాయతీ కార్యదర్శి గానీ ఎంపీడీవో ఆఫీసు గానీ తీసుకుంటుంది. రెండో ప్రతి మీద తేదీతో సంతకం చేయించుకోండి. మర్యాదగా అడిగితే కాదనరు. వాళ్లకూ అవి టెన్షన్ రోజులే, మూడు రోజుల్లో ఊరి పేర్లన్నీ సరిచేయాలి.

ఇక్కడ వార్డు మార్పిడి, అచ్చుతప్పులు, అసెంబ్లీ జాబితాలో ఉండి ఇక్కడ వదిలేసిన పేర్ల సంగతి మాత్రమే చూస్తారు. అసలు ఎక్కడా లేని పేరు ఇక్కడ చేర్చరు. దానికి మళ్లీ ఫారం 6 దారే. అది ఈ ఎన్నికకు అందుతుందన్న ధీమాతో ఉండకండి. చేయాల్సింది ముందే చేసేయండి.

తుది జాబితా అంటించిన రోజు మళ్లీ వెళ్లండి. మా అమ్మ పేరు పక్కన 4-27 అని, మా వార్డు పేజీలో, నాన్న పేరు కిందే చూసుకున్నాను. ఫొటో తీసి ఇంట్లో చూపిస్తే అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

గుర్తు గుర్తుపెట్టుకోండి

పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. పైగా తెలంగాణ పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. ఉంగరమో కత్తెరో మీ అభ్యర్థికి ఏది వచ్చిందో తెలియకుండా వెళ్తే లోపల నిలబడి ఆలోచించాల్సి వస్తుంది. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉంటాయి, ఆ రెండింటినీ కలిపేసుకోవద్దు. చదువురాని పెద్దవాళ్లకు, చూపు మందగించినవాళ్లకు ముందురోజే గుర్తులన్నీ ఒక కాగితం మీద చూపించి చెప్పండి. ఎవరికి వేయాలో మాత్రం చెప్పకండి, అది వాళ్ల ఇష్టం.

సర్పంచ్ ఏకగ్రీవమైతే మీకు వార్డు మెంబర్ బ్యాలెట్ ఒక్కటే ఇస్తారు. వార్డు ఏకగ్రీవమైతే సర్పంచ్‌ది ఒక్కటే. ఒక్క కాగితమే ఇచ్చారేంటని గొడవపడేవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నాను.

డబ్బు గురించి ఒక్క మాట. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే. ఊళ్లో ముఖం ముఖం చూసుకుని బతకాలి, వద్దనడం కష్టమని నాకు తెలుసు. మా వీధిలో ఒక పెద్దాయన "మా ఇంట్లో ఓట్లు లెక్కపెట్టుకోవద్దు తమ్మీ, పో" అని గడపలోంచే పంపించేశాడు. ఆ మాట చాలు.

పోలింగ్ రోజు

2025లో తెలంగాణలో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే పోలింగ్ జరిగింది, 2 గంటల నుంచి అక్కడే లెక్కింపు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో ఉదయం 6:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఉంది. అసెంబ్లీ ఎన్నికల్లాగా సాయంత్రం దాకా ఉంటుందనుకుని వంట, పొలం పని ముగించుకుని బయల్దేరేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పట్నం నుంచి వచ్చేవాళ్లు ముందురోజు రాత్రికే ఊరు చేరండి. ఆ పొద్దున బస్సుల్లో కాలు పెట్టే సందుండదు. గడువు ముగిసే సమయానికి లైన్లో ఉన్నవాళ్లందరికీ ఓటు వేసే హక్కు ఉంటుంది కాబట్టి లైన్ వదలకండి.

ఓటరు స్లిప్పుతో పాటు గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివి ఒప్పుకుంటారు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లడం మంచిది.

లోపల పేరు చూస్తారు, ఎడమ చేతి వేలికి సిరా వేస్తారు, సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకుని బ్యాలెట్లు ఇస్తారు. గులాబీ రంగుది సర్పంచ్‌ది, తెల్లది వార్డు మెంబర్‌ది. బ్యాలెట్‌తో పాటు ఇచ్చే స్వస్తిక్ ముద్రనే వాడాలి. వేలిముద్ర వేసినా, పెన్నుతో టిక్కు పెట్టినా, పేరు రాసినా ఆ ఓటు చెల్లదు. ముద్ర మీకు కావలసిన గుర్తు ఉన్న గడి మధ్యలో పడాలి. రెండు గళ్ల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోతే పక్కన పడేస్తారు. ఎవరూ నచ్చకపోతే చివర నోటా ఉంటుంది.

ఇక మడత. సిరా తడిగా ఉండగానే కాగితాన్ని అడ్డంగా మడిస్తే, ముద్ర కింది గుర్తు మీదో పై గుర్తు మీదో అంటుకుంటుంది. లెక్కించేవాళ్లు అది మడత మరకా, రెండో ముద్రా అని తేల్చాల్సి వస్తుంది. ఒక్క క్షణం ఊది ఆరనివ్వండి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవండి. రెండు బ్యాలెట్లనూ విడివిడిగా మడిచి పెట్టెలో వేయండి. ఇంట్లో అమ్మమ్మకు పాత కరపత్రం ఇచ్చి రెండుసార్లు మడిపించి చూడండి, అలవాటవుతుంది.

మీ పేరు మీద ఇంకెవరో అప్పటికే ఓటు వేసేసి ఉంటే తిరిగి వచ్చేయకండి. మీరే అసలు ఓటరని రుజువు చూపిస్తే టెండర్ ఓటు ఇస్తారు. దాన్ని పెట్టెలో వేయరు, విడిగా కవర్లో పెడతారు. కానీ మీ పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి అది కాగితం మీద మిగిలే ఆధారం. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని ఆ మాటతోనే అడగండి: "నాకు టెండర్ ఓటు కావాలి."

పేరు తప్పుగానో వేరే వార్డులోనో కనిపిస్తే ఆ రోజు చేయగలిగింది తక్కువ. ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లి ఓటు వేయండి, వరుస నంబరు చీటీ మీద రాసుకోండి. ఆ వారంలోనే ఫారం 8 పెట్టండి. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల జాబితాలు తయారయ్యేది కూడా ఈ పంచాయతీ జాబితాల నుంచే.